సియోల్‌లో ఒకే అక్షరం తిట్టు

ఆఫీసు పని మీద పది రోజులు సియోల్ వెళ్తున్నానని చెప్పగానే మా అమ్మ బ్యాగులో స్వెటర్ పెట్టింది. జూలైలో అక్కడ వానలే తప్ప చలి ఉండదమ్మా అన్నా వినలేదు. మా టీమ్ లీడ్ చూడాల్సిన చోట్ల లిస్టు పంపాడు. గ్యాంగ్‌బొక్‌గుంగ్ రాజభవనం, నామ్‌సాన్ టవర్, మ్యాంగ్‌డాంగ్ బజారు... అన్నీ మంచివే. కానీ ఇంజినీరింగ్ చదివే రోజుల నుంచీ నేను చూడాలనుకున్నది ఆ లిస్టులో లేదు. అదే పీసీ బాంగ్.

కొరియన్ భాషలో 'బాంగ్' అంటే గది. పీసీ బాంగ్ అంటే కంప్యూటర్ల గది. మన భాషలో చెప్పాలంటే నెట్ సెంటర్. అయితే మన నెట్ సెంటర్ గుర్తొచ్చి ప్లైవుడ్ క్యాబిన్లు, 'ఎస్' అక్షరం అరిగిపోయిన కీబోర్డు, పైన తిరిగీ తిరగని ఫ్యాను ఊహించుకోకండి. మా హోటల్ గాంగ్నమ్ ప్రాంతంలో, యొక్సామ్ స్టేషన్ పక్కన. మొదటి రోజు సాయంత్రం గొడుగేసుకుని బయల్దేరితే రెండో సందులోనే 'పీసీ' అని వెలిగే బోర్డు కనపడింది. మెట్లు దిగి వెళ్తే పెళ్ళి మండపమంత హాలు. వరసగా వందకు పైగా కంప్యూటర్లు. వెనక్కి వాలే కుర్చీలు, చెవుల్ని పూర్తిగా కప్పేసే హెడ్‌ఫోన్లు. వెలుతురు తక్కువ. మాటలు వినపడవు, మౌస్ క్లిక్కులు మాత్రం రేకుల షెడ్డు మీద వాన పడ్డట్టు వినిపిస్తూనే ఉంటాయి.

గుమ్మం దగ్గర మిషన్‌లో డబ్బు కడితే ఒక నంబరు వస్తుంది. గంటకి 1,000 నుంచి 1,500 వన్లు. మన లెక్కలో 60 నుంచి 90 రూపాయలు. ఆకలేస్తే లేవక్కర్లేదు, ఆడుతున్న స్క్రీన్ మీదే ఆర్డర్ పెట్టొచ్చు. కోడిగుడ్డు కొట్టి వేసిన రామ్యన్ నూడిల్స్ పొగలు కక్కుతూ కుర్చీ దగ్గరికే వస్తాయి. ఆ కారం మన గుంటూరు నోటికి పెద్ద లెక్కేం కాదు. ఆ తీపే కాస్త కొత్త. రాత్రి 10 దాటితే మైనర్లు లోపల ఉండకూడదు. ఆ టైముకి స్కూలు పిల్లలు బ్యాగులు తగిలించుకుని మొహాలు వేలాడేసుకుని బయటికెళ్ళడం కళ్ళారా చూశాను. మన ట్యూషన్ పిల్లల్లాగే ఉన్నారు.

ఈ గదుల వెనక ఒక కథ ఉంది. 1997లో కొరియాని ఆర్థిక సంక్షోభం కుదిపేసింది. ఉద్యోగాలు పోయినవాళ్ళలో చాలామంది చేతిలో ఉన్న డబ్బుతో పీసీ బాంగ్‌లు తెరిచారు. 1998లో 'స్టార్‌క్రాఫ్ట్' అనే ఆట వచ్చింది. ప్రభుత్వం ఊరూరా ఫాస్ట్ ఇంటర్నెట్ లైన్లు వేయించింది. ఈ మూడూ కలిసేసరికి, మనకి క్రికెట్ ఎలాగో వాళ్ళకి కంప్యూటర్ గేమ్ అలా అయిపోయింది. ఆటగాళ్ళకి జీతాలు, కోచ్‌లు, టీవీ ఛానెళ్ళు, అభిమాన సంఘాలు అన్నీ వచ్చేశాయి. ఆటకి అంత విలువ వచ్చాక మోసం రాకుండా ఉంటుందా?

రెండో రోజు సాయంత్రం నా పక్క కుర్చీలో కాలేజీ కుర్రాడొకడు ఉన్నట్టుండి హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పడేశాడు. "హేక్!" అని గట్టిగా అన్నాడు. రామ్యన్ తెచ్చిన అబ్బాయిని ఆ మాటకి అర్థం అడిగాను. వాడు అక్కడ పార్ట్‌టైమ్ చేస్తాడు, అలాంటివాళ్ళని 'అల్బా' అంటారట. నవ్వి, ఫోన్‌లో అనువాదం యాప్ తీసి చూపించాడు. ఇంగ్లీషు 'హ్యాక్'ని కొరియన్‌లో పలికితే 'హేక్'. ఆ మాటకి వాళ్ళ భాషలో ముందే ఒక అర్థం ఉంది: అణుబాంబులోని 'అణు'. కొరియన్ లిపిలో ఒకే ఒక్క అక్షరంగా రాస్తారు. ఎదుటివాడు మోసంతో గెలిచాడని చెప్పడానికి ఆ ఒక్క అక్షరం చాలు. హేక్ వాడేవాణ్ణి 'హేక్‌జేంగి' అంటారు. పేకాట పిచ్చోణ్ణి మనం పేకాటరాయుడు అన్నట్టన్నమాట.

ఈ హేక్ ఎలా పనిచేస్తుందో తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. తుపాకుల ఆటల్లో గోడ వెనక శత్రువు మీకు కనపడడు. కానీ వాడు ఎక్కడున్నాడో మీ కంప్యూటర్‌కి తెలుస్తుంది. వాడు గోడ దాటి రాగానే తడబడకుండా బొమ్మ గీయాలి కాబట్టి సర్వర్ ఆ సమాచారాన్ని ముందే పంపేస్తుంది. కంప్యూటర్ దాన్ని మెమరీలో పెట్టుకుని మీకు చూపించకుండా ఉంటుంది, అంతే. ఆ మెమరీలోకి తొంగిచూసే ప్రోగ్రామ్ 'వాల్‌హ్యాక్'. పేకాటలో ఎదుటివాడి వెనక అద్దం పెట్టుకోవడం లాంటిది. మౌస్‌ని దానంతటదే శత్రువు తల మీదికి లాగే ప్రోగ్రామ్ 'ఎయిమ్‌బాట్'. అది అద్దం కాదు, మీ బదులు ఇంకొకడు ముక్క వేయడం. ఇప్పుడైతే మొదటి కంప్యూటర్‌లో ఒక కార్డు పెట్టి, దాని మెమరీని రెండో కంప్యూటర్ నుంచి చదివేవి కూడా వచ్చాయి. ఆట నడిచే మిషన్‌లో ఏ ప్రోగ్రామూ ఉండదు, ఎంత వెతికినా దొరకదు.

ఇవన్నీ నాకెలా తెలుసని మీరు అడగొచ్చు. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని కాబట్టి అని తప్పించుకోవచ్చు గానీ, అసలు కారణం వేరు.

బీటెక్ మూడో ఏడు. మా కాలేజీ ఫెస్ట్‌లో 'కౌంటర్ స్ట్రైక్ 1.6' పోటీ పెట్టారు. ఎవరి ల్యాప్‌టాప్ వాళ్ళు తెచ్చుకోవాలి. బహుమతి 3,000 రూపాయలు, ఒక కప్పు. మా హాస్టల్ జట్టుకి నేనే కెప్టెన్. సెమీఫైనల్‌కి ముందు రాత్రి ఒక వాల్‌హ్యాక్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నాను. ఒక బటన్ నొక్కితే గోడలు అద్దాలైపోతాయి, మళ్ళీ నొక్కితే మామూలు గోడలు. ఆర్గనైజర్ నా వెనక్కి వచ్చినప్పుడు ఆపేశాను, వెళ్ళాక ఆన్ చేశాను. గెలిచాం. నా జట్టులో మిగతా నలుగురికీ తెలియదు. బహుమతి డబ్బుతో అందరం బిర్యానీ తిన్నాం. కప్పు ఇప్పటికీ తెనాలిలో మా ఇంటి షోకేసులో ఉంది. చుట్టాలొస్తే మా నాన్న చూపిస్తారు.

అక్కడితో అయిపోతే దాన్ని ఓ కుర్రతనం అనుకుని మర్చిపోయేవాణ్ణేమో. మరుసటి ఏడాది పలాస నుంచి వచ్చిన రెండో ఏడు కుర్రాడొకడు మా హాస్టల్లో ఆడ్డం మొదలుపెట్టాడు. పాత ల్యాప్‌టాప్, 200 రూపాయల మౌస్. కానీ వాడి చెయ్యి వేరు, చెవి వేరు. 'డస్ట్ 2' మ్యాప్‌లో మధ్యనున్న రెండు తలుపుల అవతల అడుగుల చప్పుడు విని, తలుపు సందులోంచి తలకి గురి చూసి కొట్టేవాడు. ఒక రాత్రి మా ఫైనలియర్ జట్టుని వరసగా మూడు ఆటలు ఓడించాడు. మా రూమ్మేట్ లేచి "వీడు హ్యాక్ రా" అన్నాడు. గదిలో ఉన్నవాళ్ళంతా నా వైపు చూశారు. ఫెస్ట్ ఛాంపియన్ని కదా, తీర్పు నాదే.

వాడి ల్యాప్‌టాప్ తీసుకుని 20 నిమిషాలు వెతికాను. వాడు పక్కనే నిలబడి, "అన్నా, బాగా చూడండన్నా, ఏమీ లేదు" అంటూనే ఉన్నాడు. నిజంగానే ఏమీ లేదు. ఎక్కడ ఏం ఉంటుందో ఆ గదిలో అందరికంటే నాకే బాగా తెలుసు. 'ఏమీ లేదు' అని రెండు మాటలు అనేస్తే సరిపోయేది. నేను మాత్రం, "ఏమో రా, ఇప్పుడొచ్చేవి కనపడవు" అన్నాను.

ఆ ఒక్క మాట చాలు. వాడు మౌస్ చుట్టి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ మా బ్లాక్‌లో ఆడలేదు. హాస్టల్లో 'హ్యాకర్ గాడు' అన్న పేరు మాత్రం స్థిరపడిపోయింది. అసలు హ్యాకర్ని నేను, పేరు వాడికి.

నేను ఉద్యోగంలో చేరిన ఏడాది, 2018 అక్టోబరులో షాంఘైలో ఒక అంతర్జాతీయ కౌంటర్ స్ట్రైక్ పోటీ జరిగింది. 'ఆప్టిక్ ఇండియా' అనే మన జట్టు అక్కడికి వెళ్ళింది. ఆట మధ్యలో నిర్వాహకులు మన ఆటగాడొకడి కంప్యూటర్ తనిఖీ చేస్తే, గురి సరిచేసే ప్రోగ్రామ్ దొరికింది. ఫైలు పేరు 'వర్డ్ డాట్ ఈఎక్స్‌ఈ'. ఉత్తరాలు రాసుకునే సాఫ్ట్‌వేర్ అనుకుంటారని ఆ పేరు పెట్టాడు. అతనికి ఐదేళ్ళ నిషేధం పడింది. జట్టుని పోటీ నుంచి తీసేశారు, తర్వాత జట్టే రద్దయిపోయింది. మిగతా నలుగురి కష్టం కూడా అందులోనే కొట్టుకుపోయింది. ఆ తర్వాత చాలాకాలం ఆన్‌లైన్‌లో మనవాళ్ళెవరైనా మంచి షాట్ కొడితే చాలు, అవతలివాళ్ళు ఆ ఫైలు పేరు చెప్పి ఎగతాళి చేసేవాళ్ళు. ఆ రోజు ట్రైనింగ్ రూములో అందరితోపాటు నేనూ "ఛీ, దేశం పరువు తీశాడు" అన్నాను. అన్నాక ఎందుకో గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది.

సియోల్‌లో శనివారం సెలవు దొరికింది. షిన్‌బుందాంగ్ లైన్ మెట్రో ఎక్కితే గాంగ్నమ్ నుంచి పావుగంటలో ప్యాంగ్యో. నెక్సాన్, ఎన్‌సీసాఫ్ట్ లాంటి గేమ్ కంపెనీల ఆఫీసులన్నీ అక్కడే. అద్దాల భవనాలు, కాఫీ షాపులు, సెలవు రోజున కూడా మెడలో ఐడీ కార్డుతో తిరిగే ఉద్యోగులు. రాయదుర్గం స్టేషన్లో దిగానా అనిపించింది. మేం పనిచేస్తున్న క్లయింట్ ఆఫీసులో నలభై ఏళ్ళాయన ఒకరు, గతంలో ఒక గేమ్ కంపెనీలో హేక్‌లు పట్టుకునే టీమ్‌లో చేశారట. ఆయన ఇల్లు ప్యాంగ్యోలోనే. వచ్చి కాఫీ ఇప్పించారు.

కొరియాలో హేక్‌లు తయారుచేసి పంచడం నేరం. 2016 చివర్లో చట్టం సవరించారు, 2017 నుంచి అమలు. ఇంకో రకం మోసం కూడా ఉంది, దాని పేరు 'దేరీ'. అంటే బదులు మనిషి. డబ్బులిస్తే బాగా ఆడేవాడొకడు మీ అకౌంట్‌లోకి వచ్చి, మీ పేరుతో ఆడి, మీ ర్యాంకు పెంచి పెడతాడు. 2019 జూన్ నుంచి దాన్ని వ్యాపారంగా చేయడం కూడా నేరమే. రెండేళ్ళ దాకా జైలు, లేదా 2 కోట్ల వన్ల దాకా జరిమానా. అంటే మన డబ్బులో సుమారు 12 లక్షలు. ఆయన ఇది వివరిస్తుంటే నవ్వొచ్చింది. ఎందుకు నవ్వుతున్నావని అడిగారు. మా దగ్గర దీన్ని 'ప్రాక్సీ' అంటారండీ, క్లాసులో అటెండెన్స్ దగ్గర మొదలై ఉద్యోగం ఇంటర్వ్యూ దాకా వెళ్తుంది అన్నాను. ఆయన కూడా నవ్వారు. తర్వాత ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు.

చట్టం ఉన్నా అంతా ఆగిపోలేదు. మనందరికీ తెలిసిన 'పబ్జీ' కొరియా ఆటే. కంప్యూటర్ పబ్జీలో 2018 జనవరి ఒక్క నెలలోనే 10 లక్షలకు పైగా అకౌంట్లు నిషేధించారు. ఆ ఏడాదే చైనాలో హేక్‌లు చేసి అమ్మిన 15 మందిని పోలీసులు అరెస్టు చేశారు. వాళ్ళు అమ్మిన వాటిలో కొన్నింట్లో, కొన్నవాళ్ళ సమాచారమే దొంగిలించే ప్రోగ్రాములు దాచి ఉన్నాయట. దొంగ దగ్గర కొన్న తాళంచెవికి నకలు దొంగ దగ్గర ఉండదా మరి. ఇటు కంపెనీలు కూడా ఊరుకోలేదు. 2020లో వచ్చిన 'వేలరెంట్' ఆటకి కాపలా ప్రోగ్రామ్ ఎంత లోతుగా దిగిందంటే, కంప్యూటర్ ఆన్ చేయగానే, మీరు ఆట తెరవకముందే అది లేచి కూర్చుంటుంది. దొంగ ఒక్కడి కోసం ఊళ్ళో ఇళ్ళన్నీ సోదా చేసినట్టు, ఏ పాపం ఎరగనివాడు కూడా తన కంప్యూటర్ తాళాలు వాళ్ళ చేతికి ఇవ్వాల్సిందే.

"వీటిలో అన్నిటికంటే కష్టమైన పని ఏంటండీ?" అని అడిగాను. కొత్త హేక్‌లు కనిపెట్టడం అంటారనుకున్నాను. ఆయన కాఫీ కప్పు మూత తిప్పుతూ, "పట్టుకోవడం కాదు. పట్టుకున్నవాడు నిజంగా దొంగేనా అని తేల్చుకోవడం" అన్నారు. కొంతమంది నిజంగానే నమ్మలేనంత బాగా ఆడతారట. అలాంటివాణ్ణి ఒక్కణ్ణి పొరపాటున నిషేధిస్తే, వెయ్యిమంది దొంగల్ని పట్టుకున్న సంతోషం కూడా మిగలదట. అందుకే అనుమానం రాగానే వేటు వేయరు, వారాల తరబడి రుజువులు పోగేస్తారు. "అనుమానం చాలా చవక" అన్నారు. నాకు వెంటనే హాస్టల్ గది గుర్తొచ్చింది. నేను 20 నిమిషాల్లో తేల్చేశాను.

ఆదివారం జొంగాక్ స్టేషన్ దగ్గర 'లోల్ పార్క్'కి వెళ్ళాను. గ్రాన్ సియోల్ అనే పెద్ద భవనంలో ఉంది. 'లీగ్ ఆఫ్ లెజెండ్స్' కొరియా లీగ్ మ్యాచ్‌లు అక్కడే జరుగుతాయి. నాలుగైదు వందల సీట్లుంటాయేమో. నా చుట్టూ అమ్మాయిలే ఎక్కువ. చేతుల్లో ఆటగాళ్ళ పేర్లు రాసిన అట్టలు. వేదిక మీద అటు ఐదుగురు, ఇటు ఐదుగురు, మధ్యలో పెద్ద తెర. కంప్యూటర్లు నిర్వాహకులవి, చూసేవాళ్ళు ఎదురుగానే. ఒక కుర్రాడు రెప్పపాటులో తప్పించుకుని తిరిగి కొడితే హాలంతా ఒక్కసారి లేచింది. నేనూ లేచాను. ఆ నమ్మలేని దెబ్బని చూసి ఎవ్వరూ "హేక్" అనలేదు. అంతమంది డబ్బిచ్చి కొనుక్కున్నది ఆ నమ్మకాన్నే అనిపించింది. అలా అని వాళ్ళ చరిత్రేం మచ్చలేనిది కాదు. 2010లో స్టార్‌క్రాఫ్ట్ ఆటగాళ్ళు పందేలవాళ్ళతో కలిసి మ్యాచ్‌లు కావాలని ఓడిపోయారని బయటపడింది. 11 మందిని శాశ్వతంగా నిషేధించారు, వాళ్ళలో దేశమంతా ఆరాధించిన ఛాంపియన్ కూడా ఉన్నాడు. పోయిన ఆ నమ్మకాన్ని మళ్ళీ ఇలాంటి హాళ్ళలోనే, ఒక్కో మ్యాచ్‌తో కూడబెట్టుకుంటూ వచ్చారు.

చివరి రాత్రి మళ్ళీ యొక్సామ్ పీసీ బాంగ్‌కే వెళ్ళాను. వాన కుమ్మేస్తోంది. కొరియా వాళ్ళు కౌంటర్ స్ట్రైక్ తక్కువ ఆడతారు. ఆ అల్బా కుర్రాడే వెతికి 'కౌంటర్ స్ట్రైక్ 2' ఎక్కించి పెట్టాడు. నా అకౌంట్‌తో లాగిన్ అయ్యాను. అదే డస్ట్ 2. అవే రెండు తలుపులు. తొమ్మిదేళ్ళ తర్వాత కూడా చేతివేళ్ళకి దారి గుర్తుంది.

ఎనిమిదో రౌండ్‌లో అవతలివైపు పొగబాంబు వేశారు. ఏమీ కనపడట్లేదు. ఎడమ చెవిలో ఒక అడుగు చప్పుడు వినిపించింది, లేదా వినిపించిందనుకున్నాను. పొగలోకి రెండు గుళ్ళు కాల్చాను. తలకి తగిలింది. నిజం చెప్పాలంటే సగం అదృష్టం, సగం చెవి. కుర్చీలోనే ఎగిరాను. అప్పుడు స్క్రీన్ మూల చాట్‌లో ఒక అక్షరం పడింది. ఒకే ఒక్క కొరియన్ అక్షరం. వారం రోజుల నుంచి చూస్తున్నా కాబట్టి చదవడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు.

హేక్.

'కాదు' అని ఇంగ్లీషులో టైప్ చేశాను. అవతలివాడు మళ్ళీ అదే అక్షరం పెట్టాడు. ఇంకొకడు నవ్వుతున్నట్టు ఏదో రాశాడు. ఎలా నిరూపించను? ఏం చూపించను? నా కంప్యూటర్ విప్పి చూపిస్తానన్నా వాడు నమ్మాలి కదా. వెనక నిలబడి చూస్తున్న అల్బా కుర్రాడు నా భుజం తట్టి, ఫోన్‌లో ఏదో టైప్ చేసి చూపించాడు. "పట్టించుకోకండి. బాగా ఆడారని అర్థం." వాడు ఓదార్చడానికే అన్నాడు. నాకు మాత్రం ఒళ్ళంతా వేడెక్కింది. ముక్కూమొహం తెలియనివాడు, రేపు ఊరు దాటి వెళ్ళిపోయే నన్ను, ఒక్క అక్షరం అంటేనే ఇంత మండితే, రోజూ అదే మెస్సులో, అదే కారిడార్లో రెండేళ్ళు విన్నవాడికి ఎలా ఉండి ఉంటుంది?

మోసం చేసినవాడు ఒక ఆట గెలుస్తాడు. అది చిన్న నష్టమే, రేపు ఇంకో ఆట ఉంటుంది. కానీ వాడివల్ల, ఆ తర్వాత నిజంగా బాగా ఆడినవాడు కూడా తను బాగా ఆడానని చెప్పుకోలేడు. ఈ నష్టం ఏ నిషేధాల లెక్కలోనూ కనపడదు.

రూముకొచ్చేసరికి సియోల్‌లో రాత్రి 11:30. మన దగ్గర 8 గంటలు. కాలేజీ వాట్సాప్ గ్రూపుల్లో వెతికి పలాస కుర్రాడి నంబరు పట్టుకున్నాను. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగమట. ఫోన్ చేసే ధైర్యం లేక మెసేజ్ పెట్టాను. నాలుగుసార్లు రాసి చెరిపి, చివరికి ఉన్నదున్నట్టు రాశాను. ఫెస్ట్‌లో వాల్‌హ్యాక్ వాడింది నేనే. నీ ల్యాప్‌టాప్‌లో ఏమీ లేదని ఆ రోజే నాకు తెలుసు. తెలిసే అలా అన్నాను. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లట్లేదు.

రెండు నీలం గీతలు వెంటనే పడ్డాయి. జవాబు రాలేదు. ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు.

పొద్దున ఇంచాన్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ లైన్‌లో ఉండగా ఫోన్ మోగింది. "అన్నా, ఇదేదో ఆ రోజే అనుంటే బాగుండేది. ఆ తర్వాత నేను ఎవరితోనూ ఆడలేదు." అంతే. ఏం జవాబివ్వాలో తెలియక అలాగే చూస్తుండిపోయాను. లైను కదిలింది. సీట్లో కూర్చుని ఫోన్ ఆఫ్ చేయబోతుంటే ఇంకోటి వచ్చింది. "హైదరాబాద్ వచ్చినప్పుడు చెప్తా. ఒక ఆట ఆడదాం. నీ ల్యాప్‌టాప్ మీద మాత్రం కాదు."

ఇల్లు చేరాక మొదట తెనాలి వెళ్ళాను. షోకేసు తెరిచి కప్పు బయటికి తీస్తుంటే, "ఏరా, తుడుస్తున్నావా?" అని మా నాన్న అడిగారు. కాదు నాన్నా, నీకో విషయం చెప్పాలి అన్నాను.